ద్వారములు మూసిన ఆరు మాసములు



బదరీనారాయణుని సేవించి వచ్చిన మన ప్రాంతపు యాత్రికులు మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. తిరుమలలో శ్రీవారికి నిత్యకల్యాణము, పచ్చతోరణము. శ్రీశైలమున మల్లికార్జునునకు పూజ తప్పిన దినము లేదు. అట్లుండగా బదరిలోను, కేదారములోను ఆరు మాసములు ద్వారములు మూసి, అర్చకులు సైతము కొండ దిగి వచ్చుట ఏమి? స్వామికి అంతకాలము నైవేద్యము లేకుండునా?

దీనికి పెద్దలు చెప్పిన సమాధానము మీలో అనేకులు విన్నదే. వైశాఖము మొదలు కార్తికము వరకు మానవుల పూజ, మిగిలిన కాలము దేవతల పూజ. బదరిలో ఆ దేవపూజకు నారద మహర్షియే అర్చకుడు. ఈ సమాధానమును మేము సంపూర్ణముగా విశ్వసించుచున్నాము. కాని ఈ మర్యాదకు లోకమున ఒక చరిత్ర గూడ కలదు. ఆ చరిత్ర మంచుకు సంబంధించినది. మంచును ఎరిగిన ఒక జాతి వారు తరతరములుగా నేర్చినదంతయు ఆలయపు ఆచారములో భద్రపరచి ఉంచిరి. ఆ సంగతి తెలియని మనబోటి పల్లపు దేశముల వారు అప్పుడప్పుడు ప్రాణములతో మూల్యము చెల్లించుచున్నారు. కావున ఈ దినము పురాణప్రవచనమునకు మారుగా ఈ విషయమును కొంత మనవి చేయదలచితిమి.

ముందుగా మన భాషలోనే ఒక చిక్కు ఉన్నది. మనకు మంచు అనునది ఒకే మాట. పుష్యమాసపు ఉదయమున గడ్డిపరకపై నిలిచిన నీటిబొట్టు మంచే. పొలిమేర కనబడకుండ క్రమ్మినది మంచే. లంబసింగిలో తెల్లవారుజామున ఆకులపై తెల్లగా పేరినది మంచే. హిమాలయ శిఖరముపై ఏడాది పొడుగున నిలిచియుండునదియు మంచే. వార్తాపత్రికలు వ్రాయు హిమపాతమను మాట మరియు చిక్కు. ఆకాశము నుండి నెమ్మదిగా మంచు కురియుటను హిమపాతమే అందురు, కొండవాలున పేరుకొన్న మంచు ఒక్క పెట్టున తెగి లోయలోనికి దూకుటను గూడ హిమపాతమే అందురు. మొదటిది చూచి ఆనందింపదగినది, రెండవది ఊళ్ళను కప్పివేయునది. ఈ రెండవదానిని మేము మంచుచరియ అని పిలుచుచున్నాము. గఢ్వాల్ కొండలలో డోలీలు మోయువారు, గుఱ్ఱములు తోలువారు దీనినే గ్లేసియర్ వచ్చినది, గ్లేసియర్ పడినది అని చెప్పుదురు. శాస్త్రజ్ఞుల భాషలో గ్లేసియర్ అనగా హిమానీనదము, అది వేరు. కాని దారిలో వారు ఆ మాట పలికినప్పుడు మీరు మంచుచరియ అనియే గ్రహింపవలెను.

కొండపై మంచు ఒక్క ముద్దగా ఉండదు. పొరలు పొరలుగా పేరుకొనును. మన ఆత్రేయపురపు పూతరేకును తలచుకొనుడు. పలుచని రేకు, దానిపై నెయ్యి, చక్కెరపొడి, మరల రేకు. నెయ్యి రేకులను అంటిపెట్టుకొని ఉంచును. నెయ్యి లేక చక్కెర మాత్రమే చల్లినచో పైరేకు క్రిందిరేకుపై నిలుచునా? పళ్ళెము కొంచెము వంచినంతనే జారిపోవును. కొండపై జరుగునది ఇదియే. శీతకాలపు ఆరంభమున పలుచగా కురిసిన తొలి మంచు, క్రింద నేలలోని వెచ్చదనమునకును పైన గాలిలోని చలికిని నడుమ చిక్కి, కొన్ని వారములలో చక్కెర పలుకుల వంటి రేణువులుగా మారును. ఒక పలుకునకు మరొక పలుకుతో పట్టు ఉండదు. దానిపై జనవరి, ఫిబ్రవరి మాసములలో పడమటి నుండి వచ్చు తుపానులు రెండు మూడు దినములలోనే నిలువెత్తు కొత్త మంచును దించును. గాలి గట్టువెంబడి ఒక వైపు మంచును ఊడ్చి రెండవ వైపున బిగువైన పలకగా పేర్చును. పైన బరువైన పలక, క్రింద పట్టులేని చక్కెర. అట్టి స్థితిలో ఒక మనిషి అడుగు బరువు చాలును. పలక అంతయు అద్దము పగిలినట్లు ఒక్కసారిగా బీటలువారి కదలును.

అన్ని వాలులును జారవు. ముప్పది డిగ్రీలకు తక్కువ వాలున మంచు సాధారణముగా నిలిచియుండును. గోడవలె నిటారుగా ఉన్నచోట పేరుకొననే పేరుకొనదు, కురిసినది కురిసినట్లే రాలిపోవును. ఈ రెంటి నడుమ, 30 నుండి 45 డిగ్రీల వాలులోనే అపాయము అధికము. చూచుటకు అట్టి చోటు భయము గొలుపదు. తెల్లని దుప్పటి పరచినట్లు నునుపుగా, సుందరముగా ఉండును. దేవదారు వనము నడుమ చెట్టు మొలవని వెడల్పాటి చార ఒకటి శిఖరము నుండి ఏటి వరకు దిగియున్నచో, అది మంచుచరియలు రాకపోకలు సాగించు రాజమార్గమని తెలియవలెను. మన యాత్రికులు అచ్చటనే కూర్చుండి ఫలహారము చేయుట మేము చూచితిమి.

ఎండకాలపు సంగతి వేరు. వైశాఖ జ్యేష్ఠములలో సూర్యుడు పైకి వచ్చిన కొలది మంచు కరగి, ఆ నీరు పొరల నడుమకు ఇంకి, మధ్యాహ్నమునకు మంచు బరువెక్కి మెత్తబడును. రాత్రి చలికి మరల గడ్డకట్టి బిగియును. కాబట్టి కొండవారు మంచుతో నిండిన వాగులను తెల్లవారుజామున దాటుదురు. అపరాహ్ణమున ఆగిపోవుదురు. ఉదయము పూట సురక్షితమైన చోటే సాయంకాలము మృత్యుముఖము కావచ్చును. 2023 జూన్ 4వ తేదీన హేమకుండమునకు పోవు దారిలో అట్లాకోటి వద్ద చరియ పడి యాత్రికులు కొందరు చిక్కుకొని, ఒక స్త్రీ ప్రాణము కోల్పోయినది. లక్ష్మణస్వామి తపస్సు చేసెనని హిందువులును, గురుగోవిందుని పూర్వజన్మ తపోభూమి అని సిక్కులును కొలుచు పుణ్యస్థలమది. అది జరిగినది సాయంకాలము.

జారిన మంచు గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో రావచ్చును. ఆగిన మరుక్షణము గచ్చువలె బిగిసిపోవును. లోపల చిక్కినవాడు వ్రేలు కదల్పలేడు. పది పదునైదు నిమిషములలోపల వెలికితీసిన వారిలో పదింట తొమ్మండుగురు జీవించుదురనియు, అరగంట దాటునప్పటికి మూడింట రెండు వంతుల మంది ఊపిరాడక మరణించుదురనియు మంచుదేశముల వైద్యులు లెక్కించిరి. అనగా సహాయము క్రింది ఊరి నుండి రావలెనన్న కాలము చాలదు.

ఇక మన ఇతిహాసమును చూతము. అరణ్యపర్వమున ధర్మరాజు లోమశ మహర్షి వెంట తీర్థయాత్రకు బయలుదేరునప్పుడే, ఆకలిదప్పులకును నడకకును ఓర్వలేని వారిని వెనుకకు మరలుడని కోరెను. హిమవంతము చేరిన పిమ్మట కుళిందరాజగు సుబాహుని వద్ద సేవకులను, వంటవారిని, ద్రౌపది పరివారమును విడిచి కాలినడకన సాగెను. గంధమాదనము చేరునప్పటికి పెనుగాలి, ధూళి, కుంభవృష్టి వారిని చుట్టుముట్టినవి. ఒక్కొక్కరు ఒక్కొక్క చెట్టు చాటునకో బండ చాటునకో చేరి ప్రాణములు కాపాడుకొనిరి. తుపాను వెలిసిన పిదప ద్రౌపది నడువలేక సొమ్మసిల్లినది. అప్పుడు భీముడు ఘటోత్కచుని తలచుకొనగా, అతడును అతని అనుచరులును వారిని మోసికొని బదరీవనమున దించిరి. అది మంచుతుపాను అని మేము సాగదీసి చెప్పుట లేదు. గ్రంథములో ఉన్నది గాలియు, వానయు మాత్రమే. కాని ఎవరు రావలెను, ఎవరు ఆగవలెను, ఏ సామాను విడువవలెను అని యాత్రాధిపతి ముందుగా నిర్ణయించుట అచ్చట స్పష్టముగా ఉన్నది. భీముడు వెంట ఉన్నవాడే అంత జాగ్రత్త పడెను. కొండసామి మోయు డోలీలోని ఘటోత్కచ బలమును మాత్రమే మనము గుర్తుంచుకొంటిమి.

బదరీ ఆలయము సముద్రమట్టమునకు సుమారు 3,100 మీటర్ల ఎత్తున అలకనంద ఒడ్డున ఉన్నది. ఎదుట నరపర్వతము, వెనుక నారాయణపర్వతము, ఆ వెనుక నీలకంఠ శిఖరము. మూడు దిక్కుల నుండియు మంచు దిగు లోయ అది. అట్టిచోట ఆలయమును ఎచ్చట నిలిపిరో గమనింపవలెను. నారాయణపర్వతపు కనుబొమ క్రింద స్వామి కూర్చున్నాడని అక్కడి వృద్ధులు చెప్పుదురు. నొసటి నుండి కారిన చెమట కనుబొమ వద్ద చీలి ఇరుప్రక్కలకు పోవునట్లు, పైనుండి వచ్చు మంచు ఆలయమునకు అటునిటు పోవునని దాని భావము. ఆ స్థలమును ఎన్నుకొన్నవారి చూపు ఎంతటిదో ఆలోచింపుడు. అయినను ఆలయమునకు దెబ్బ తగులలేదని కాదు. మంచుచరియల వలనను, 1803వ సంవత్సరపు మహాభూకంపము వలనను దెబ్బతిని పలుమారులు పునరుద్ధరింపబడినది. గఢ్వాల్ రాజులు, ఆ తరువాత జయపురాధీశులు ఆ కైంకర్యము నెరపిరి. 1974లో పాత ఆలయమును సిమెంటు కట్టడముతో పెద్దది చేయు ప్రయత్నమొకటి ప్రారంభము కాగా, చిప్కో ఉద్యమనేత చండీప్రసాద్ భట్ మొదలైన స్థానికులు అభ్యంతరము తెలిపిరి. నాటి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము ఆ పనిని నిలిపివేసినది. ధనవంతుల భక్తిని మేము తక్కువ చేయము. కాని ఆ లోయలో ఏది ఎంత ఎత్తున ఉండవలెనో ఆ లోయలో పుట్టినవారిని అడుగుట ఉచితము.

కేదారము మరియు ఎత్తున, సుమారు 3,580 మీటర్ల వద్ద, చోరాబారీ హిమానీనదపు ముంగిట ఉన్నది. అచ్చటి రాళ్ళపై పెరిగిన నాచువంటి జీవుల వయస్సును బట్టి, గడచిన కొన్ని శతాబ్దములలో ఆ హిమానీనదము ఇప్పటికన్న చాల ముందుకు వచ్చియుండెనని దెహ్రాదూన్ భూగర్భశాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. ఆలయము సుమారు నాలుగు వందల యేండ్లు మంచులోనే ఉండియుండునని గూడ కొందరు ఊహించిరి. దానిని అందరును అంగీకరింపలేదు, మేమును అది తేలిన విషయమని చెప్పము. 2013 జూన్‌లో జరిగినది మాత్రము లోకమంతయు చూచినది. అకాలపు కుంభవృష్టియు, కరగిన మంచునీరును చేరి చోరాబారీ సరస్సు నిండి, 17వ తేదీ ఉదయమున గట్టు తెగి, వేలాది ప్రాణములను మందాకిని మ్రింగినది. మన తెలుగువారును ఎందరో అందులో చిక్కిరి. ఆ పిమ్మట 2022 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఆలయము వెనుక శిఖరముల నుండి చరియలు జారుట యాత్రికులు కన్నులార చూచిరి. అవి ఆలయము వరకు రాలేదు.

ఇప్పుడు ఆచారమునకు వత్తము. వసంతపంచమి నాడు నరేంద్రనగర్ రాజభవనమున బదరీ ద్వారములు తెరచు ముహూర్తమును నిర్ణయింతురు. ముత్తైదువలు స్వామి అభిషేకమునకై తిలల నూనె తీసి కడవలో నింపి పంపుదురు. కేదార ముహూర్తమును శివరాత్రి నాడు ఊఖీమఠమున ప్రకటింతురు. అక్కడి నుండి పంచముఖ మూర్తి డోలీలో గుప్తకాశి, గౌరీకుండముల మీదుగా కొండకు తరలును. మూయు దినము కేదారమున యమద్వితీయ, అనగా మనము భగినీహస్త భోజనము జరుపుకొను నాడు. బదరీ ద్వారములు ఎప్పుడు మూయవలెనో విజయదశమి నాడు తేల్చుదురు, అది సాధారణముగా నవంబరు నడిమి తరువాత వచ్చును. తెరచునప్పటికి శీతకాలపు పొరలు చాల వరకు జారియో, కుదుటపడియో ఉండును. మూయునప్పటికి కొత్త పొరలు ఇంకను మొదలై ఉండవు. తిథులను బట్టి కట్టిన లెక్కయే అయినను, మంచును ఎరిగిన లెక్క అది.

శీతకాలమున కేదారనాథుని పూజ ఊఖీమఠపు ఓంకారేశ్వరాలయమున జరుగును. బదరీక్షేత్రపు ఉద్ధవ కుబేరులు పాండుకేశ్వరమునకును, శంకరాచార్యుల గద్దె జోషీమఠపు నృసింహాలయమునకును చేరును. గంగోత్రి అమ్మవారు ముఖబాకు, యమునోత్రి అమ్మవారు ఖర్సాలీకి దిగుదురు. ఊఖీమఠము మనకు పరాయిది కాదని ఇచ్చట మనవి చేయవలెను. వీరశైవుల పంచపీఠములలో శ్రీశైల పీఠము వలెనే అదియు ఒకటి. 2024 డిసెంబరులో ఉత్తరాఖండ్ ప్రభుత్వము ఈ శీతకాలపు స్థానములకు యాత్రను ప్రోత్సహింప మొదలిడినది. చలికాలములో స్వామిని చూడవలెనను కోరిక గలవారికి మేము చెప్పునదియు ఇదియే. స్వామి ఎచ్చటికి దిగివచ్చెనో అచ్చటికి పొండు, ఆయన విడిచివచ్చిన చోటికి కాదు.

పూర్వము హరిద్వారము నుండి కాలినడకన వారముల తరబడి నడిచి బదరి చేరెడివారు. కొన్ని క్రోసులకు ఒక చట్టీ, అనగా విడిది. ఎదురుగా వచ్చు యాత్రికుడు పైన దారి ఎట్లున్నదో చెప్పును. చట్టీ యజమాని ఆగుమనిన ఆగెడివారు. మంచు వార్త మనిషి కాళ్ళపై నడిచివచ్చెడిది, యాత్రికుడును ఆ వేగముననే పోయెడివాడు. 1960లో సరిహద్దు రహదారుల సంస్థ ఏర్పడినది, 1962 చైనా యుద్ధము తరువాత కొండలలో మోటారు దారులు పెరిగి బదరీ వాకిలి వరకు బస్సు వచ్చినది. ముసలివారికి, వికలాంగులకు స్వామి దర్శనము సులభమైనది. ఆ మేలును మేము కాదనము. 2023లో నాలుగు ధామములకు వచ్చినవారు యాభై లక్షలు మించిరి. సోన్‌ప్రయాగ నుండి కేదారమునకు సుమారు 13 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్రప్రభుత్వము అనుమతి ఇచ్చినది. అయితే దారి దగ్గరైన కొలది, కొండ గూడ మెత్తబడినదను భ్రమ మనలో పెరుగుచున్నది.

ఆ భ్రమకు అమరనాథమున 1996 ఆగష్టులో కలిగిన ఫలితము తలచుకొన్న ఇప్పటికిని మనస్సు కలతపడును. శ్రావణ పూర్ణిమ సమీపించుచుండగా లక్ష మందికి పైగా యాత్రికులు దారిలో ఉండిరి. వేసవి మాసమని పలుచని బట్టలతో బయలుదేరినవారు అనేకులు. ఉన్నట్టుండి వాన, దానితోపాటు మంచు, రోజుల తరబడి విడువక కురిసినది. అక్కడ వారిని చంపినది చరియ కాదు. తడిసిన బట్టలు, చలి, అలసట, ఆశ్రయము లేమి. 240 మందికి పైగా ప్రాణములు విడిచిరి. ఆ తరువాత ప్రభుత్వము నియమించిన నీతీశ్ సేన్‌గుప్తా సంఘము యాత్రికుల సంఖ్యకు హద్దు పెట్టవలెనని సిఫారసు చేసినది. నేడు యాత్రకు ముందు పేరు నమోదు, వైద్యుని ధ్రువపత్రము అడుగుచున్నారు. ఇదేమి వేధింపు అని విసుగుకొనువారు మన సత్రములోనే కనబడుదురు. ఆ కాగితము వెనుక ఎన్ని చితులున్నవో వారెరుగరు.

పర్వతారోహణలో శిక్షణ పొందినవారు సైతము ఈ అపాయమునకు అతీతులు కారు. 2022 అక్టోబరు 4వ తేదీన ఉత్తరకాశీ మండలములోని ద్రౌపదీ కా డాండా అను శిఖరముపై, నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షకులు, శిక్షణార్థులు చరియలో చిక్కగా 27 మృతదేహములు లభించినవి, ఇరువురి జాడ తెలియలేదు. మంచు అలవాటులేని మనము ఏ ధైర్యముతో హద్దు గీత దాటి మరొక నాలుగడుగులు వేయుదుమో!

ఇటీవలి ఘటన బదరీ చెంతనే జరిగినది. మాణా గ్రామము బదరికి మూడు కిలోమీటర్ల దూరమున ఉన్నది. వ్యాసగుహ, గణేశగుహ, భీమపుల్ చూచుటకు మనవారందరును అచ్చటికి పోవుదురు. ఆ గ్రామమునకు శీతకాలమున కాపురము లేదు. అక్కడి భోటియా ప్రజలు తరతరములుగా చలికాలము రాకముందే పశువులతో, పిల్లలతో క్రింది ఊళ్ళకు దిగివచ్చి, ఎండలు ముదిరిన పిదప మరల ఎక్కిపోవుదురు. 2025 ఫిబ్రవరి 28వ తేదీ ఉదయమున, స్వామి ద్వారములును గ్రామపు తలుపులును మూసియున్న ఆ కాలములో, మాణా బదరీల నడుమ సరిహద్దు రహదారిపై మంచు తొలగించు పనికి వచ్చిన 54 మంది కూలీలు ఇనుప పెట్టెల వంటి కంటైనరు గదులలో ఉండిరి. కొన్ని దినములుగా మంచు కురియుచున్నది. ముందునాడే చండీగఢ్‌లోని రక్షణశాఖ పరిశోధనాలయము ఆ ప్రాంతమునకు మంచుచరియల హెచ్చరిక వెలువరించినది. 1969లో మనాలిలో నెలకొల్పిన మంచు పరిశోధనా సంస్థకు అది వారసురాలు. తెల్లవారిన కొంతసేపటికి చరియ వచ్చి ఆ గదులను దొర్లించి కప్పివేసినది. సైనికులు, సరిహద్దు పోలీసులు ఎడతెగని మంచులో త్రవ్వి 46 మందిని సజీవులుగా తీసిరి. కొందరు ఒక దినము గడచిన పిదప గూడ బ్రతికి బయటపడిరి. ఇనుప గది లోపల కొంత గాలి నిలిచియుండుటయే అందుకు కారణము. ఎనిమిది మంది మరణించిరి.

వారు యాత్రికులు కారు, సాహసమునకు పోయినవారును కారు. బిహారు, ఉత్తరప్రదేశ్, హిమాచల్ మొదలైన చోట్ల నుండి కూలికి వచ్చినవారు. దేశరక్షణకు దారి కావలెను, ఆ పని ఆపుడని చెప్పుటకు మేమెవరము? కాని మాణావాసులు విడిచిపెట్టిన కాలములో మాణాలో మనుష్యులను ఉంచినప్పుడు, ఎచ్చట ఉంచవలెనో, ఏ రాత్రి దించవలెనో మాణావాసులను అడుగవలసి ఉన్నదని మాత్రము తోచుచున్నది. వైశాఖమున మనము కారులో కూర్చుండి పోవు కొండదారులన్నింటిపైనను ఇట్టివారి చెమట ఉన్నది. కేదారమార్గమునను ప్రతి వసంతమున కూలీలే మంచును గొడ్డళ్ళతో, పారలతో కోసి త్రోవ తీయుదురు.

ఆ మార్గమున మాకు జరిగినది ఒకటి చెప్పవలెను. 2013 తరువాత పాత రాంబాడా దారి నశించి, మందాకిని ఆవలి ఒడ్డున లించౌలీ మీదుగా కొత్త దారి వేసిరి. గౌరీకుండము నుండి అది సుమారు 16 కిలోమీటర్లు. అందులో భైరవ, కుబేర నామములు గల రెండు వాగులు ద్వారములు తెరచునప్పటికి మంచుతో నిండియుండును. కోసిన త్రోవకు ఇరువైపుల మనిషిని మించిన మంచుగోడలు. కొన్ని సంవత్సరముల క్రిందట మే మాసపు తొలి వారములో మేము నలువది మంది తెలుగు యాత్రికులతో బయలుదేరితిమి. ఆలస్యముగా బయలుదేరుటచే లించౌలీ చేరునప్పటికి మధ్యాహ్నము మూడు దాటినది. ఆకాశము తేటగా ఉన్నది, ఎండ వెచ్చగా ఉన్నది. అక్కడి రక్షకభటులు ఇక ముందుకు పోరాదనిరి. మావారికి కోపము వచ్చినది. మరునాటి రాత్రి హరిద్వారమున రైలు, ముందుగా కొనిన టిక్కెట్లు. ఇంత తేటగా ఉండగా అపాయమేమి అని ఒకరు, డబ్బు కొరకు ఆపుచున్నారని మరొకరు. దాచనేల, మేమును మా వయస్సును, కాషాయమును అడ్డుపెట్టుకొని ఒక మాట సిఫారసు చేసితిమి. ఆ యువకుడు నమస్కరించి, స్వామీజీ, ఎండ ఉన్నది కాబట్టియే ఆపుచున్నాను అని హిందీలో చెప్పెను. మాకప్పుడు ఆ మాట అర్థము కాలేదు. డేరాలలో ఒకరిపై ఒకరు పడి రాత్రి గడపితిమి. తెల్లవారి నాలుగున్నరకు కదలితిమి. కాళ్ళ క్రింద మంచు రాతివలె పలుకుచున్నది. వాగు దాటుచోట నిన్నటి త్రోవ కనబడలేదు. గుమ్మడికాయలంతేసి మంచుగడ్డలు పైనుండి ఏటివరకు దిగి పడియున్నవి. నిన్న సాయంకాలము అయిదింటికి వచ్చినదని డోలీవాడు చెప్పెను. కూలీలు అప్పటికే కొత్త త్రోవ తీయుచుండిరి. మాలో ఎవరును మాటలాడలేదు. రైలు తప్పిపోయినది.

ఆ యువకుని మేము తిరుగుప్రయాణములో వెదకితిమి. పహరా మారి వేరొకరు నిలిచియుండిరి.

కార్తికమున బదరిలో ద్వారములు మూయు ఆ అయిదు దినముల క్రమమును చూచు భాగ్యము గూడ మాకు ఒకమారు లభించినది. తొలినాడు గణపతి గుడి, మరునాడు ఆదికేదారేశ్వరుని గుడి, శంకరుల గుడి మూసిరి. మూడవనాడు ఖడ్గమునకు, పుస్తకమునకు పూజ చేసి వేదపారాయణము ఆపిరి. నాలుగవనాడు లక్ష్మీదేవికి నైవేద్యము పెట్టి, లోనికి వేంచేయుమని ఆహ్వానించిరి. చివరినాడు కేరళదేశపు నంబూద్రి బ్రాహ్మణుడైన రావల్ గారు స్త్రీవేషము ధరించి, చెలికత్తెవలె అమ్మవారిని గర్భగృహములోనికి తోడ్కొని వచ్చి స్వామి సరసన నిలిపిరి. ఆ తరువాత మాణా కన్యలు ఒక్క దినములో నేసిన ఉన్ని కంబళిని నేతిలో ముంచి తెచ్చి స్వామికి కప్పిరి. వైశాఖమున ద్వారము తెరచినప్పుడు ఆ కంబళిపై నెయ్యి ఆరక ఉన్నచో ఆ యేడు సుభిక్షమని చూతురు. నీలకంఠము వైపు మేఘము క్రమ్ముచున్నది. సైన్యపు బ్యాండు వాద్యము నడుమ తలుపులు మూసి తాళములు వేసిరి. అర్చకులు పాండుకేశ్వరపు దారి పట్టిరి. మేము మాణా వైపు చూచునప్పటికి ఏ ఇంటికప్పు నుండియు పొగ లేచుట లేదు.